యురేనియం గనులు: చరిత్ర చెప్పే పాఠం, రైతు దాచుకోవలసిన కాగితం

బోరు వేసిన రోజు ఏ రైతూ మరచిపోడు. ఏ సంవత్సరం వేశాం, ఎన్ని అడుగులకు జల తగిలింది, ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయి, ఎంత అప్పయింది అని అడిగితే నిద్రలో లేపినా చెబుతాడు. అయితే ఆ రోజు ఆ నీళ్లలో ఏమేమి ఉన్నాయి అని అడిగితే చెప్పగలవాళ్లు అరుదు. ఉప్పా, చప్పా అని నాలుక మీద వేసుకుని చూస్తాం. అంతటితో సరి.

మామూలు ఊళ్లో ఆ మాత్రం చాలు. యురేనియం గని ఉన్న చోట, లేదా గని వస్తుందని చెప్పుకుంటున్న చోట అది చాలదు. ప్రపంచంలో ఈ లోహం తవ్విన ప్రాంతాల చరిత్ర చూస్తే ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. జబ్బులు వచ్చాయి, నీళ్లు మారాయి, పశువులు పోయాయి అని జనం చెప్పినప్పుడు, 'ఇంతకు ముందు ఎలా ఉండేదో చూపించండి' అన్న ప్రశ్న ఎదురైంది. చూపించడానికి వాళ్ల దగ్గర కాగితం లేదు. ఈ వారం పాఠం దాని గురించే.

యురేనియం అంటే ఏమిటి?

యురేనియం భూమిలో సహజంగా ఉండే బరువైన లోహం. 1789లో జర్మనీకి చెందిన క్లాప్రోత్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు. అంతకు 8 ఏళ్ల ముందు కనిపెట్టిన యురేనస్ గ్రహం పేరు మీద దీనికి ఆ పేరు పెట్టాడు. వందేళ్లకు పైగా దీన్ని గాజుకు, పింగాణీకి రంగు వేయడానికి వాడారు. 1896లో ఫ్రాన్సులో హెన్రీ బెకెరెల్ ఈ లోహం నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తున్నాయని కనిపెట్టాడు. 1898లో క్యూరీ దంపతులు ఇదే ఖనిజం నుంచి పొలోనియం, రేడియం అనే రెండు మూలకాలను బయటపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు తయారీతో దీని గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఆ తరవాత అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా మారింది.

యురేనియం నిలకడ లేని లోహం. తనంతట తాను విచ్ఛిన్నమవుతూ, కిరణాలు వదులుతూ, వరసగా వేరే మూలకాలుగా మారుతుంది. థోరియం అవుతుంది, రేడియం అవుతుంది, రేడాన్ అనే వాయువు అవుతుంది, పొలోనియం అవుతుంది, చివరకు సీసం అయి ఆగుతుంది. ఇందులో సగం తరిగిపోవడానికి ప్రధాన రకం యురేనియానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. రేడియానికి 1,600 ఏళ్లు పడుతుంది. రేడాన్ వాయువుకు 4 రోజులు కూడా పట్టదు.

రాయి కొండలో ఉన్నంతకాలం ఈ సంతానమంతా రాతిలోనే బందీగా ఉంటుంది. తవ్వి, పొడి చేసి, నీళ్లు కలిపితే కట్లు తెగుతాయి. వాయువు గాలిలోకి వస్తుంది, ధూళి ఊపిరిలోకి వస్తుంది, కరిగేది నీళ్లలోకి వస్తుంది.

గింజ చిటికెడు, పొట్టు కొండంత

వరి నూర్చితే గింజ ఇంటికి వస్తుంది, గడ్డి వామికి పోతుంది. ఆ గడ్డి పశువు తింటుంది. యురేనియం నూర్పిడి అలాంటిది కాదు. మన కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజంలో యురేనియం సుమారు 0.04 శాతం. అంటే ఒక టన్ను రాయిలో 400 గ్రాములు. ఆ 400 గ్రాముల కోసం టన్ను రాయిని పిండి చేయాలి. కావలసింది తీసుకున్నాక మిగిలిన పిండి, దాదాపు టన్ను, అక్కడే ఉండిపోతుంది.

అక్కడి శుద్ధి కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం. పూర్తిగా నడిస్తే ఎత్తుకుపోయే సరుకు ఒక టన్నుకు కాస్త అటూ ఇటూ. ఆ ప్రాంతంలో మిగిలేది 10 టన్నుల లారీలతో లెక్కేస్తే రోజుకు 300 లారీల వ్యర్థం. దాన్ని బురదగా పైపుల్లో పంపి, కట్ట కట్టిన చెరువులో నిలవ చేస్తారు. మనవాళ్లు టైలింగ్ పాండ్ అని పిలిచేది ఇదే.

యురేనియం తీసేశాక అందులో ఇంకేముంది, ఉత్త మట్టే కదా అనుకుంటారు. అది పొరపాటు. తీసింది యురేనియాన్ని మాత్రమే. దాని సంతానమైన థోరియం, రేడియం ఆ బురదలోనే ఉంటాయి. మొదట రాతిలో ఉన్న అణుధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థంలోనే మిగులుతుందని ఈ శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. గని 20 ఏళ్లో 30 ఏళ్లో నడిచి మూతపడుతుంది. చెరువు మాత్రం మునిమనవళ్ల కాలానికీ కాపలా అడుగుతుంది.

పాతకాలపు గని జబ్బు

యూరప్‌లో నేటి చెక్ దేశం, జర్మనీ సరిహద్దుల్లో ఒక కొండల వరస ఉంది. అక్కడి జోకిమ్‌స్థాల్ ఊళ్లో 1516 నుంచి వెండి తవ్వారు. ఆ వెండి నాణేన్ని థాలర్ అనేవారు. డాలర్ అన్న మాట దాని నుంచే పుట్టింది. ఆ ఊళ్లో వైద్యం చేసిన అగ్రికోలా రాసిన గనుల గ్రంథం 1556లో అచ్చయింది. కార్పేథియన్ కొండల గనుల దగ్గర ఒక్కొక్కరూ ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారని ఆయన అందులో రాశాడు. గనిలో దిగిన మగవాళ్లు దగ్గి దగ్గి చనిపోయేవారు. దానికి జనం పెట్టుకున్న పేరు కొండ జబ్బు.

1879లో హార్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు ష్నీబెర్గ్ గని కార్మికులను పరీక్షించి, ఇది ఊపిరితిత్తుల్లో లేచే కణితి అని తేల్చారు. వెండి రాయితోపాటు నల్లగా వచ్చే పనికిరాని రాయిలో యురేనియం ఉంది. దాని నుంచి పుట్టే రేడాన్ వాయువు మూసిన గనిలో పోగవుతుంది. ఆ వాయువు నుంచి పుట్టే కణాలు ధూళికి అంటుకుని ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. 1930ల నాటికే యూరప్‌లో వైద్యుల అనుమానం ఈ రేడాన్ మీదకు మళ్లింది.

కాబట్టి 1940లలో ప్రపంచమంతా యురేనియం కోసం పరుగెత్తేనాటికి, ఈ గనుల్లో మనిషికి ఏమవుతుందో అసలు తెలియదని చెప్పడానికి లేదు. తెలిసినవాళ్లకు తెలుసు. గనిలో దిగినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

గొర్రెల కాపరుల నేలలో

అమెరికాలో నవాహో అనే ఆదివాసీ జాతి ఉంది. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో వాళ్ల భూములు పరుచుకుని ఉన్నాయి. మన రాయలసీమ లాగే వాన తక్కువ, రాయి ఎక్కువ. మొక్కజొన్న వేస్తారు, గొర్రెలు మేపుతారు, ఆ ఉన్నితో కంబళ్లు నేస్తారు.

1944 నుంచి 1986 దాకా నవాహో భూముల నుంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వి తీశారు. ఊరి పక్కనే పని దొరికిందని మగవాళ్లు సంతోషంగా వెళ్లారు. గనుల్లో గాలి ఆడే ఏర్పాట్లు సరిగా లేవు. మందు పేల్చిన వెంటనే ఆ పొగలోనే దిగి రాయి ఎత్తేవారు. గని గోడల నుంచి కారే చల్లని నీళ్లు తాగేవారు. పని నుంచి అదే బట్టలతో, అదే దుమ్ముతో ఇంటికి వచ్చేవారు. ఆ బట్టలు ఉతికింది ఇల్లాళ్లు. గని దగ్గర చదునైన రాళ్లు ఊరికే దొరుకుతున్నాయని వాటితో ఇళ్లు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

1950లో అమెరికా ప్రజారోగ్య శాఖ యురేనియం గని కార్మికుల మీద అధ్యయనం మొదలుపెట్టింది. వైద్యులు వచ్చి రక్తం తీశారు, మూత్రం తీశారు, ఎక్స్‌రేలు తీశారు, ఏటేటా లెక్కలు రాసుకున్నారు. కానీ ఎందుకు పరీక్షిస్తున్నారో, గనిలో ఏ ప్రమాదం ఉందో కార్మికులకు చెప్పలేదు. చెబితే పని మానేస్తారన్న భయం. గనిలోకి గాలి బాగా పంపితే రేడాన్ తగ్గుతుందని తెలిసినా, ఆ వాయువుకు కేంద్ర స్థాయిలో పరిమితి పెట్టే చర్య 1967 దాకా రాలేదు.

1960లు వచ్చేసరికి ఆ ఊళ్లలో చావులు మొదలయ్యాయి. నవాహోలలో పొగ తాగే అలవాటు తక్కువ. అలాంటి జనంలో ఊపిరితిత్తుల కాన్సర్ కనిపించడం మొదలైంది. నడివయసు మగవాళ్లు పోయారు. వితంతువులు ఒకరిళ్లలో ఒకరు కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు, పోయిన అందరూ అవే గనుల్లో పనిచేసినవాళ్లని బయటపడింది. అంతకు ముందు అమెరికా ప్రభుత్వంలో మంత్రిగా చేసిన స్టీవర్ట్ ఉడాల్ అనే న్యాయవాది వాళ్ల తరఫున కోర్టుకెక్కాడు. 1980లలో కోర్టులు కేసు కొట్టేశాయి. ఈ విషయంలో ప్రభుత్వం మీద దావా చెల్లదన్నాయి.

పోరాటం ఆగలేదు. 1990లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసి, నష్టపోయిన యురేనియం గని కార్మికులకు క్షమాపణ చెప్పి, లక్ష డాలర్ల చొప్పున పరిహారం ప్రకటించింది.

కాగితం అడిగిన రోజు

ఇక్కడ రైతులు జాగ్రత్తగా గమనించాలి. పరిహారం ప్రకటించారు గానీ అది చేతికి రావాలంటే రుజువులు కావాలన్నారు. మీ ఆయన ఏ గనిలో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చేశాడు? జీతం చీటీ ఏది? జబ్బు ఫలానాదని డాక్టరు రాసిన కాగితం ఏది? మీకు పెళ్లయినట్టు ధ్రువపత్రం ఏది?

నవాహోల పెళ్లి పెద్దల ఎదుట, వాళ్ల ఆచారం ప్రకారం జరుగుతుంది. రిజిస్టరు ఆఫీసుకు పోయే అలవాటు లేదు. చిన్న చిన్న గనులు, ఈరోజు ఒకటి, రేపు ఒకటి. జీతం చీటీలు దాచుకోవాలని ఎవరికి తెలుసు? కళ్ల ముందు భర్తను పోగొట్టుకున్న మనిషి, ఆయన భార్యనేనని రుజువు చేసుకోవలసి వచ్చింది. ఎంతోమంది అర్జీలు ఏళ్ల తరబడి తిరిగాయి. ఆఖరికి 2000లో ఆ చట్టాన్ని సవరించి కొన్ని నిబంధనలు సడలించారు. అప్పటికి చాలామంది లేరు.

కట్ట తెగిన ఉదయం

1979 జూలై 16. న్యూ మెక్సికోలో చర్చ్ రాక్ అనే చోట యురేనియం వ్యర్థాల చెరువు కట్ట తెల్లవారుజామున తెగింది. అంతకు ముందే ఆ కట్టలో పగుళ్లు కనిపించాయి. సుమారు 35 కోట్ల లీటర్ల ఆమ్లపు నీళ్లు, 1,100 టన్నుల వ్యర్థం పక్కనున్న ప్యుయెర్కో వాగులో పడి దిగువకు పోయాయి. ఆ వాగే నవాహో గొర్రెలకు తాగునీరు. జరిగింది చాలామందికి వెంటనే తెలియలేదు.

అదే ఏడాది మార్చిలో అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం ప్రపంచమంతా పతాక శీర్షికల్లో నిలిచింది. చర్చ్ రాక్‌లో బయటపడిన అణుధార్మికత దానికంటే ఎక్కువ. అయినా గొర్రెల కాపరుల వాగు గురించి లోకానికి తెలిసింది తక్కువ.

500కు పైగా పాడుపెట్టిన గనులు నవాహో భూముల్లో మిగిలాయి. వాటిని శుభ్రం చేసే పని ఇంకా సాగుతూనే ఉంది. 2005లో నవాహో ప్రభుత్వం తన భూముల్లో యురేనియం తవ్వకాన్ని నిషేధిస్తూ చట్టం చేసుకుంది.

మన దేశంలో జాదుగూడ

మన దేశంలో యురేనియం తవ్వకం నేటి జార్ఖండ్ రాష్ట్రంలో జాదుగూడ దగ్గర మొదలైంది. 1951లో అక్కడ నిక్షేపం బయటపడింది. 1967లో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. అక్కడ తీసిన పసుపు పచ్చని యురేనియం పొడి మన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వచ్చి, అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం అవుతుంది.

జాదుగూడ చుట్టూ సంథాలీ, హో ఆదివాసుల పల్లెలు. వాళ్ల పొలాల పక్కనే వ్యర్థాల చెరువులు. పుట్టుకతో అవయవ లోపాలున్న పిల్లలు, గర్భస్రావాలు, చర్మ రోగాలు ఎక్కువగా ఉన్నాయని ఆ పల్లెలు 1990ల నుంచి మొర పెట్టుకుంటున్నాయి. 2006 డిసెంబరులో వ్యర్థాలు తీసుకుపోయే పైపు పగిలి డుంగ్రిడీ అనే పల్లె పక్కన వాగులో కలిసింది. 2007లో ఒక వైద్యుల సంఘం సర్వే చేసి, దగ్గరి పల్లెల్లో పుట్టుక లోపాలు దూరపు పల్లెల్లోకంటే ఎక్కువ అని చెప్పింది. గని సంస్థ ఒప్పుకోలేదు. పరిమితులకు లోబడే పని చేస్తున్నామని, ఆ జబ్బులకు పేదరికం, పోషకాహార లోపం కారణమని అంటూ వచ్చింది. అంతకు ముందే, 2004లో, సుప్రీంకోర్టు ఈ విషయంపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని కొట్టివేసింది.

ఎవరి మాట నిజం? దగ్గరి పల్లెను దూరపు పల్లెతో పోలిస్తే, ఆ పల్లె వేరు ఈ పల్లె వేరు అని వాదించవచ్చు. అదే పల్లె 1967కు ముందు ఎలా ఉండేదో, తరవాత ఎలా ఉందో చూపే లెక్క చేతిలో ఉంటే వాదనకు చోటు తక్కువ.

మన జిల్లాలో తుమ్మలపల్లె

కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె గనికి, కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో ఉత్పత్తి మొదలైంది. భూములిచ్చిన కుటుంబాల్లో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. దేశానికి కరెంటు కావాలి, దానికి ఇంధనం కావాలి అన్నదీ కొట్టిపారేసే మాట కాదు. ఆ లెక్కతోపాటు ఊరి లెక్క కూడా చూడాలన్నదే ఇక్కడి మాట.

ఇక్కడి ఖనిజం సున్నపురాయి జాతి రాతిలో ఉంది. ఆమ్లం పోస్తే యురేనియం కంటే ముందు ఆ రాయే ఆమ్లాన్ని తాగేస్తుంది. అందుకని ఆమ్లానికి బదులు సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ వాడతారు. అంటే చాకలి సోడా, తినే సోడా జాతి. కాబట్టి వ్యర్థాల్లో సోడియం ఎక్కువగా ఉంటుంది. ఈ సంగతి రైతు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకో కింద చెబుతాం.

కొన్నేళ్లకు కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె వైపు రైతులు అరటి ఎండిపోతోందని, చేలు తెల్లబారుతున్నాయని, బోరు నీళ్లు మారాయని, పశువులు జబ్బు పడుతున్నాయని, మనుషులకు దద్దుర్లు వస్తున్నాయని చెప్పసాగారు. టైలింగ్ పాండ్ అడుగున నీళ్లు ఇంకకుండా వేయవలసిన పొర నిబంధన ప్రకారం వేయలేదన్న ఫిర్యాదు వెళ్లింది. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. 2019లో నిపుణుల కమిటీ వేశారు. తమ చెరువు వల్ల నీళ్లు చెడలేదని సంస్థ వాదించింది. కడప జిల్లా భూగర్భ జలాల్లో యురేనియం సహజంగానే కొంత ఉంటుందన్న మాట కూడా వచ్చింది.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఖనిజం ఉన్న నేలలో నీళ్లలో కొంత ఉండటం సహజం. అందుకే 2007కు ముందు బోరు బోరుకూ చేయించిన పరీక్ష కాగితం ప్రతి రైతు దగ్గరా ఉండి ఉంటే దాని విలువ ఎంతో ఊహించుకోండి. 'అప్పుడు ఇంత, ఇప్పుడు ఇంత' అన్న ఒక్క మాటతో తేలిపోయేది.

ఇది ఒక్క వేముల మండలం సంగతి కాదు. నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు దగ్గర గని ప్రతిపాదన వస్తే 2003లో ప్రజాభిప్రాయ సేకరణలోనే జనం గట్టిగా వ్యతిరేకించారు. నల్లమలలో అన్వేషణకు వ్యతిరేకంగా చెంచులు, రైతులు కదిలాక 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అక్కడ యురేనియం తవ్వకం వద్దని తీర్మానం చేసింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేసి చూస్తామంటే చుట్టుపక్కల ఊళ్లు అడ్డు చెప్పాయి. రేపు ఏ ఊరి వంతో ఎవరూ చెప్పలేరు.

నీళ్ల పరీక్ష ఎలా చేయించాలి?

1. బోరు మోటారు వేసి కనీసం 10 నిమిషాలు నీళ్లు వదిలేయాలి. పైపులో నిలిచిన నీళ్లు పట్టకూడదు.

2. లీటరు పట్టే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడగాలి. మందు డబ్బాలు, నూనె సీసాలు పనికిరావు. అంచు దాకా నింపి బిగుతుగా మూత పెట్టాలి.

3. సీసా మీద తేదీ, రైతు పేరు, సర్వే నంబరు, బోరు లోతు రాసి అంటించాలి. పట్టేటప్పుడు ఊరి పెద్దలు ఇద్దరిని సాక్షులుగా ఉంచుకుని, పుస్తకంలో సంతకాలు చేయించాలి.

4. మామూలు భూసార పరీక్షా కేంద్రంలో ఉదజని సూచిక, లవణాలు, సోడియం, కార్బొనేట్లు చూస్తారు. యురేనియం పరీక్ష అన్ని ప్రయోగశాలల్లో ఉండదు. ముందుగా అడిగి తెలుసుకుని పంపాలి. పది మంది రైతులు కలిసి పంపితే ఖర్చు కలిసివస్తుంది.

5. ఏడాదికి రెండుసార్లు చేయించాలి. వేసవిలో ఒకటి, వానలు వెనకబట్టాక ఒకటి. ఒకే బోరు, ఒకే పద్ధతి ఉండాలి. ఒక్క పరీక్ష ఒక్క రోజు మాట మాత్రమే చెబుతుంది. ఏటేటా మారేదే సాక్ష్యం.

ఫలితం ఎలా చదవాలి?

తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి 60. మించితే మొదట దెబ్బ తినేది మూత్రపిండాలు. నీళ్లు కాచినందువల్ల యురేనియం పోదు. కాచేకొద్దీ నీళ్లు తగ్గి, అది మరింత చిక్కబడుతుంది. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీసేస్తుంది. అయితే యంత్రం వదిలే చెడు నీళ్లను పశువుల తొట్టిలో పోయకూడదు.

సాగు నీటిలో చూడవలసింది సోడియం, కార్బొనేట్లు. మిగులు సోడియం కార్బొనేట్ లీటరుకు 1.25 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉంటే ఇబ్బంది లేదు. 2.5 దాటితే ఆ నీళ్లు సాగుకు పనికిరావు. అలాంటి నీళ్లు పారితే నేల పైన తెల్లని పొర కడుతుంది. తడిస్తే జిగురు, ఆరితే రాయి. నీళ్లు ఇంకవు. అరటి ఆకు అంచుల నుంచి మాడుతుంది, చీనీ చెట్టు ఆకు రాలుస్తుంది, చెనక్కాయ ఊడలు గట్టి నేలలోకి దిగవు. ఇలా కనిపించగానే గని మీద నేరం వేయకండి. మన సీమలో చౌడు కొత్త కాదు. పరీక్ష చేయించి, పాత కాగితంతో పోల్చి అప్పుడు మాట్లాడండి. సోడియం వల్ల చెడిన నేలకు పరీక్షలో చెప్పిన మోతాదులో జిప్సం వేసి, మంచి నీళ్లు పెట్టి, మురుగు బయటికి తీస్తే కొంత కోలుకుంటుంది. జిప్సం యురేనియాన్ని మాత్రం తీయలేదని గుర్తుంచుకోండి.

ఇంట్లో, పొలంలో జాగ్రత్తలు

గని రాయి, చెరువు ఇసుక ఊరికే వచ్చినా ఇంటికి, అరుగుకు, దొడ్డికి వాడకండి. నవాహోలు చేసిన తప్పు అదే. వ్యర్థాల చెరువు కట్ట మీద, దాని దిగువ వాగులో పశువులను, గొర్రెలను మేపకండి. రేడియం శరీరంలో సున్నం లాగా ఎముకల్లో చేరుతుంది.

గనిలో పనిచేసేవాళ్లు పని బట్టలు అక్కడే విడిచి, స్నానం చేసి ఇంటికి రావాలి. బీడీ, సిగరెట్ మానాలి. రేడాన్, పొగ కలిస్తే ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాంట్రాక్టు పనివాళ్లయినా సరే హాజరు చీటీలు, జీతం చీటీలు, కిరణాల మోతాదు లెక్క, వైద్య పరీక్షల కాగితాలు అడిగి తీసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుకు ఊళ్లో బహిరంగ విచారణ జరపాలి. అయితే 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ జారీ చేసిన ఉత్తర్వు యురేనియం వంటి అణు ఖనిజాల గనులకు ఆ విచారణ నుంచి మినహాయింపు ఇచ్చింది. విచారణ రోజు వచ్చినప్పుడు చెప్పుకుందాం అని కూర్చుంటే, ఆ రోజు రాకపోవచ్చు. కాబట్టి గ్రామసభలో ముందే మాట్లాడి, ఊరి బావులు, బోర్లు, పంటలు, పశువుల లెక్క తీర్మానంగా రాయించుకోవడం మేలు.

సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి కాలుష్య నియంత్రణ మండలి దగ్గరున్న మీ ఊరి నీటి పరీక్షల నకళ్లు అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పర్యావరణ నష్టానికి పరిహారం కోరేవారు 2010 చట్టం కింద ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పరిహారం అర్జీకి నష్టం మొదలైన నాటి నుంచి 5 ఏళ్లు గడువు. ఇతర వివాదాలకు 6 నెలలే. ఎప్పుడు మొదలైంది అని వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు మీ పుస్తకంలో ఉండాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాకూడదు. పట్టాదారు పాసు పుస్తకాన్ని పెట్టెలో ఎంత భద్రంగా దాస్తామో, బోరు నీళ్ల పరీక్ష కాగితాన్నీ అంత భద్రంగా దాచాలి. భూమి మీదని పాసు పుస్తకం చెబుతుంది. ఆ భూమి కింది నీళ్లు ఒకప్పుడు ఎలా ఉండేవో చెప్పేది ఈ కాగితం ఒక్కటే. వచ్చే వేసవిలో మోటారు వేసినప్పుడు ముందుగా ఒక సీసా నింపి పక్కన పెట్టండి.